ట్రైలరు లాగు ట్రక్కు వెనుక క్రుంగుట: చౌకయగు ఉపాయములు, వాని హద్దులు

మన పాఠశాలలో చదువు ముగించి, ఇప్పుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు గత సంవత్సరము మాకొక ఉత్తరము వ్రాసెను. అతనికి ఊరి వెలుపల కొంత నేల యున్నది. గడ్డి కోయు చిన్న ట్రాక్టరును, కంచె కమ్మెలను, పనిముట్లను ఒక ట్రైలరుపై నెక్కించి, దానిని తన పికప్ ట్రక్కునకు తగిలించుకొని సెలవుదినములందు అచ్చటికి పోయి వచ్చుచుండును. భార్యయు, ఇద్దరు బిడ్డలును తరచుగా వెంట నుందురు.

అతడు వ్రాసినదాని సారాంశ మిది. ట్రైలరు తగిలించగానే ట్రక్కు వెనుకభాగము క్రుంగిపోవుచున్నది. రాత్రివేళ నెదుట వచ్చువారు అతని దీపములు తమ కన్నులలో పడుచున్నవని తమ దీపముల నార్పి వెలిగించి హెచ్చరించుచున్నారు. వాన కురిసిననాడు స్టీరింగు చేతికి తేలికగా తోచుచున్నది. "మాస్టరుగారూ, క్రొత్త బండి కొనుటకు నాకు శక్తి లేదు. ఇంటివద్ద నా చేతులతోనే, తక్కువ ఖర్చుతో చేసికొనదగిన ఉపాయ మేదైన నున్నదా?" అని అతడు ముగించెను.

మేము ఆలోచింపక, "వెనుక కమాను కట్టకు పట్టీ యొకటి చేర్చుము, చాలును" అని ఆ దినముననే జవాబు వ్రాసితిమి. మరునాడు తొమ్మిదవ తరగతిలో తులాదండమును గూర్చి పాఠము చెప్పుచు ఈ సంగతిని ఉదాహరణముగా చెప్పితిమి. అప్పుడొక బాలిక లేచి, "పట్టీ చేర్చిన వెనుక లేచును, సరే సార్. ముందు దిగునా?" అని యడిగెను. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోయితిమి. ఆ వారమంతయు ఆ తరగతియు మేమును కలిసి లెక్కలు వేసి, ప్రయోగము చేసి, చివరకు మా మొదటి జవాబును వెనుకకు తీసికొంటిమి. ఆ విచారణయే ఈ వ్యాసము.

1. కమాను కట్ట యనగా నేమి?

లారీలకును, అనేకములగు పికప్ ట్రక్కులకును వెనుక ఇరుసుపైన విల్లువలె వంగిన ఉక్కు పట్టీలు ఒకదానిపై నొకటి పేర్చి బిగింపబడి యుండును. దానినే మన మెకానిక్కులు కమాను కట్ట యందురు. కమాను అనగా విల్లు. మన పెద్దలు ఎక్కి తిరిగిన విల్లుబండి పేరును ఇట్టిదే. పట్టీలలో అన్నిటికంటె పొడవైనది పైన నుండి, దాని రెండు కొనలు చట్రమునకు తగులుకొనును. క్రింది పట్టీలు క్రమముగా పొట్టివగుచు వచ్చును. నడుమ నొక బోల్టు వాని నన్నిటిని గ్రుచ్చి పట్టుకొనును. ఇరుప్రక్కల గుర్రపునాడ వంటి వంపు బోల్టులు కట్టను ఇరుసునకు బిగించి యుంచును.

స్ప్రింగు ఎంత బరువునకు ఎంత క్రుంగునో చెప్పు నియమమును ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. బరువు రెట్టింపైన క్రుంగుటయు రెట్టింపగును, మూడింతలైన మూడింతలగును. ఒక ప్రక్క కమాను మిల్లీమీటరు క్రుంగుటకు 4 కిలోల బరువు కావలసినయెడల, రెండు ప్రక్కలకును 8 కిలోలు కావలెను. అట్టి బండి వెనుక ఇరుసుపై 400 కిలోలు చేరిన, 400ను 8చే భాగింపగా 50 మిల్లీమీటర్లు క్రుంగును.

ఇచ్చట విద్యార్థులు జ్ఞాపక ముంచుకొనదగిన విషయ మొకటి కలదు. పట్టీ వెడల్పు రెట్టింపైన దాని బిగువు రెట్టింపే యగును. కాని మందము రెట్టింపైన బిగువు ఎనిమిది రెట్లగును. కావున పట్టీ కొనునప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్ల మందపు భేదము స్వల్పమని తలపరాదు.

2. బరువు ఎచ్చటికి పోవుచున్నది?

ట్రైలరు ముందుమొన ట్రక్కు వెనుక నమర్చిన ఉక్కు గుండుపై కూర్చుండును. ఆ గుండుపై పడు బరువును మనము నొగబరువు అందము. మన ఎడ్లబండిలో నొగలు కాడిపై మోపు బరువు ఎట్టిదో ఇదియు నట్టిదే. బండిలో బస్తాలు ముందుకు జరిగిన ఎద్దుల మెడలపై భారము పడును. వెనుకకు జరిగిన కాడి పైకి లేచి, దాని త్రాళ్లు ఎద్దుల గొంతులను నొక్కును. అందుచేతనే తెలిసిన రైతు బస్తాలను పేర్చిన పిమ్మట నొగను చేతితో ఎత్తి చూచి, ముందునకు కొంచెము మొగ్గు ఉండునట్లు సరిచేయును.

ట్రైలరునకును ఈ నియమమే. నొగబరువు ట్రైలరు మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 వంతుల వరకు ఉండవలెనని సాధారణ నియమము. అంతకు తక్కువైన ట్రైలరు వేగములో చేప తోకవలె ఇటునటు ఊగ నారంభించును. ఆ ఊపు పెరిగిన ట్రక్కును సైతము త్రిప్పివేయును. ఎక్కువైన ట్రక్కు వెనుక క్రుంగును.

మన పూర్వవిద్యార్థి తన బండి కొలతలను పంపెను. ట్రక్కు ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 3.6 మీటర్లు. వెనుక ఇరుసునుండి గుండు వరకు 1.2 మీటర్లు. సరకుతో ట్రైలరు బరువు 1500 కిలోలు. నొగబరువును ఇంటివద్దనే కొలుచు మార్గమును మేము తెలిపితిమి. గట్టి దూలము నొకదానిని తీసికొని, ఒక కొనను ఇటుకపైనను, దానికి మూడడుగుల దూరమున రెండవ కొనను మనుష్యుల బరువు చూచు యంత్రముపైనను ఉంచవలెను. చక్రములు కదలకుండ అడ్డుపెట్టి, ఇటుకనుండి సరిగా ఒక అడుగు దూరమున ట్రైలరు మొనను దూలముపై దింపవలెను. యంత్రము చూపిన అంకెలోనుండి, దూలము మాత్రమే యున్నప్పుడు అది చూపు అంకెను తీసివేసి, మిగిలినదానిని మూడుచే గుణింపవలెను. అతనికి 100 కిలోలు వచ్చెను; అనగా నొగబరువు 300 కిలోలు. ఇది 1500లో నూటికి 20 వంతులు! హద్దును మించి యున్నది.

ఇప్పుడు ట్రక్కును తులాదండముగా భావింపుడు. వెనుక ఇరుసు దాని ఆధారము. వెనుక 1.2 మీటర్ల దూరమున 300 కిలోలు క్రిందికి నొక్కుచున్నవి. ముందు ఇరుసు 3.6 మీటర్ల దూరమున నున్నది. 300ను 1.2చే గుణించి 3.6చే భాగింపగా 100 వచ్చును. అనగా ముందు ఇరుసునుండి 100 కిలోలు పైకి లేచిపోయినవి. ఆ 100యు, గుండుపైని 300యు కలిసి వెనుక ఇరుసుపై 400 కిలోలు పడినవి.

వెనుక 50 మిల్లీమీటర్లు దిగెను. ముందు స్ప్రింగులు రెండును కలిసి మిల్లీమీటరునకు 6 కిలోల బిగువు గలవైనచో ముందు సుమారు 17 మిల్లీమీటర్లు లేచును. ఈ రెండును కలిసి 3.6 మీటర్ల పొడవున 67 మిల్లీమీటర్ల వాలు. ఇది స్వల్పముగా తోచును గాని, దీపపు వెలుగు 30 మీటర్ల దూరము పోవునప్పటికి 56 సెంటీమీటర్లు పైకి పోవును. ఎదుటివారి కన్నులు జిగేలుమనుటకు కారణ మిదియే. వానలో స్టీరింగు తేలికయగుటకు కారణము క్రుంగుట కాదు. త్రోవ త్రిప్పవలసిన ముందు చక్రములనుండి 100 కిలోలు తొలగిపోవుటయే. ఆ చక్రములే బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేయును గూడ.

3. ప్రయోగము

బాలిక యడిగిన ప్రశ్నకు జవాబు కావలెనన్న పరీక్షింపవలెను. దీనికి ఖర్చు లేదు. ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును. 60 సెంటీమీటర్ల కర్ర నొకదానిని తీసికొని, ఒక కొననుండి 5వ సెంటీమీటరు వద్దను, 41వ సెంటీమీటరు వద్దను స్ప్రింగు త్రాసులు రెండు తగిలించి పైనుండి వ్రేలాడదీసితిమి. ఇవి రెండు ఇరుసులు. నడుమ ఇటుకముక్క కట్టితిమి. అది ట్రక్కు స్వంత బరువు. రెండు త్రాసుల అంకెలను వ్రాసికొని, 53వ సెంటీమీటరు వద్ద 300 గ్రాముల బరువు వ్రేలాడదీసితిమి. వెనుక త్రాసు 400 గ్రాములు పెరిగెను. ముందు త్రాసు 100 గ్రాములు తగ్గెను. కర్ర వెనుకకు వాలెను.

పిమ్మట వెనుక త్రాసు ప్రక్కనే మరియొక త్రాసును అదే చోట తగిలించితిమి. ఇది చేర్చిన పట్టీ యన్నమాట. కర్ర లేచెను; వాలు తగ్గెను. వెనుక త్రాసులు రెండును బరువును పంచుకొనెను గాని, వాని మొత్తము మునుపటివలెనే యుండెను. ముందు త్రాసు ముల్లు మాత్రము కదలలేదు. పోయిన 100 గ్రాములు పోయినట్లే యున్నవి.

"కాబట్టి ముందు దిగదు సార్!" అని తరగతి యంతయు ఒక్కసారి పలికెను. ఆ సాయంకాలమే మేము టెక్సాసునకు రెండవ జవాబు వ్రాసితిమి. స్ప్రింగు ఎత్తును మార్చును, తూకమును మార్చదు. ఈ వ్యాసములో తక్కినదంతయు ఈ వాక్యమునకు వివరణమే.

4. కాసు ఖర్చు లేని మొదటి పని

గడ్డి కోయు ట్రాక్టరు బరువు 200 కిలోలు. అతడు దానిని ట్రైలరు ముందుగోడకు ఆనించి నిలుపుచుండెను. గుండునుండి ట్రైలరు ఇరుసునకు దూరము 4 మీటర్లు. ఆ ట్రాక్టరును 1.8 మీటర్లు వెనుకకు జరిపినయెడల అది ఇరుసునకు రమారమి పైన వచ్చును. 200ను 1.8చే గుణించి 4చే భాగింపగా 90. అనగా నొగబరువు 300నుండి 210కి దిగును. ఇది 1500లో నూటికి 14 వంతులు, హద్దులోనికి వచ్చెను.

దీని ఫలితము చూడుడు. ముందు ఇరుసు 100కు బదులు 70 కిలోలే కోల్పోవును. వెనుక ఇరుసుపై 400కు బదులు 280 కిలోలే పడును. క్రుంగుట 50 మిల్లీమీటర్లకు బదులు 35. ఒక్క మరయైనను విప్పకయే ఇంత లాభము కలిగెను. అయితే ఆశపడి యింకను వెనుకకు జరుపరాదు. నూటికి పదివంతులకు దిగువకు పోయిన ట్రైలరు ఊగునని పైన చెప్పితిమి. జరిపినదానిని గట్టిగా కట్టవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

5. చేతిపనితో చేయదగిన ఉపాయములు

బరువు సరిచేసిన పిమ్మటను వెనుకభాగము క్రుంగినచో ఈ క్రింది ఉపాయములు కలవు.

మొదటిది, పట్టీ చేర్చుట. ఒక్కొక్క ప్రక్క మిల్లీమీటరునకు 2 కిలోల బిగువు గల పట్టీని చేర్చిన మొత్తము 8కి బదులు 12 అగును. 280 కిలోలకు 23 మిల్లీమీటర్లే క్రుంగును. పని వివర మిది. సమమైన గట్టి నేలపై ముందు చక్రములకు అడ్డుపెట్టి, చట్రము క్రింద దృఢమైన స్టాండ్లు నిలిపి, ఇరుసును జాకీతో మోయించవలెను. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. నడిమి బోల్టును విప్పుటకు ముందు కట్టను రెండుచోట్ల బిగింపు కొక్కెములతో పట్టియుంచవలెను. లేనియెడల పట్టీలు ఎగిరి గాయపరచును. క్రొత్త పట్టీని దాని పొడవునకు తగిన వరుసలో పెట్టవలెను. వంపు బోల్టులు ఒకసారి బిగించినప్పుడు సాగును గనుక పాతవానిని మరల వాడక క్రొత్తవి వేయవలెను. బండి పుస్తకములో చెప్పిన బిగువునకు కొలత స్పానరుతో బిగించి, కొంత దూరము నడిపిన పిమ్మట మరల సరిచూడవలెను. దీని లోపమేమన, ఖాళీగా నడుచునప్పుడును బండి బిరుసుగా ఎగిరెగిరి పడును.

రెండవది, రబ్బరు దిమ్మెలు. ఇరుసునకును చట్రమునకును నడుమ దెబ్బ తగులకుండ ఉంచు చిన్న రబ్బరు ముక్కను తీసి, దాని స్థానమున బోలుగా నున్న పెద్ద రబ్బరు దిమ్మెను అమర్చుదురు. ఖాళీ బండిలో నిది ఇంచుమించు తగులకయే యుండును. బరువు పడినప్పుడు మాత్రమే ఆనుకొని మోయును. చిన్న స్పానర్లతో కొద్ది గంటలలో ముగియు పని.

మూడవది, గాలి తిత్తులు. చట్రమునకును ఇరుసునకును నడుమ రబ్బరు తిత్తుల నుంచి గాలి నింపుదురు. బరువునుబట్టి గాలిని హెచ్చించి తగ్గించుకొనవచ్చును. కాని గొట్టము రాపిడికి గాని పొగగొట్టపు వేడికి గాని తగిలిన గాలి పోవును. ఖాళీగా నడుపునప్పుడును తయారుచేసినవారు చెప్పిన కనీసపు గాలి అందుండవలెను. వెనుకభాగము ఎంత క్రుంగినను తిత్తులు దానిని సమముగా ఎత్తి చూపును. బరువు మితిమీరెనను హెచ్చరిక కంటికి కానరాదు. అందుచేత ఇది సుఖము గలదియు, మోసము గలదియు నైన ఉపాయము.

ఈ మూడింటిలో నేదియు ముందు ఇరుసునకు పోయిన బరువును తిరిగి యీయదు. ఆ పని చేయునది వేరొకటి కలదు: బరువును పంచు తగిలింపు. ఇందు రెండు స్ప్రింగు కమ్మెలు గుండువద్దనుండి ట్రైలరు నొగల వెంబడి పోయి, అచ్చట గొలుసులతో బిగింపబడును. తోపుడుబండి పిడులను పైకి ఎత్తినప్పుడు ముందు చక్రముపై బరువు పడినట్లే, ఈ కమ్మెలు ట్రక్కు వెనుకభాగమును ఎత్తి ముందు చక్రములపై బరువును మోపును. మన లెక్కలోని బండికి ముందు ఇరుసుపై 35 కిలోలు తిరిగి రప్పించునట్లు బిగించినచో, ట్రైలరు ఇరుసుపై 24 కిలోలు చేరి, వెనుక ఇరుసునుండి 59 కిలోలు తగ్గును. ముందు చేరినదియు ట్రైలరుపై చేరినదియు కలిపిన వెనుక తగ్గినదానికి సరిపోవుటను విద్యార్థులు గమనింతురు గాక. ఇది తక్కినవానికంటె ఖరీదైనది. ఎంత బిగింపవలెనో, అసలు వాడవచ్చునో కూడదో ట్రక్కు పుస్తకమే చెప్పవలెను.

6. చేయరాని పనులు

పట్టీని కొలిమిలో కాల్చి వంపు పెంచుట గాని, విరిగినదానిని వెల్డింగు చేయుట గాని తగదు. ఉక్కునకు వేడిచేతను చల్లార్పుచేతను తగిన పదును పెట్టుటవలన దానికి స్ప్రింగు గుణము కలిగినది. ఎట్లుబడితే అట్లు కాల్చిన ఆ గుణము నశించి, పట్టీ సాగిపోవును లేక విరుగును. ఇరుసునకును కట్టకును నడుమ దిమ్మెలపై దిమ్మెలు పేర్చరాదు. బండి ఎత్తగును గాని బిగువు కొంచెమైనను పెరుగదు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరిగి దిమ్మెలు జారవచ్చును. టైరు ప్రక్కన వ్రాసియున్న హద్దుకంటె ఎక్కువ గాలి పెట్టరాదు.

అన్నిటికంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. కమాను బలపడినంతమాత్రమున ఇరుసు బలపడదు, టైరు బలపడదు, బ్రేకు బలపడదు. అమెరికా ట్రక్కులలో డ్రైవరు తలుపు ప్రక్కన నంటించిన చీటిలో మనుష్యులును సరకును కలిసి ఎంత బరువునకు మించరాదో వ్రాసియుండును. నొగబరువును ఆ లెక్కలోనిదే. చీటిలో 650 కిలోలని యున్నదనుకొనుడు. ఇంటివారి బరువు 240, నొగబరువు 210, ట్రక్కులోని సామాను 100 అయిన మొత్తము 550. ఇంక మిగిలినది 100 కిలోలే. ఎన్ని పట్టీలు చేర్చినను, ఎన్ని తిత్తులు పెట్టినను ఆ 650 అనునది 651 కాదు.

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారి అసలు నిర్దేశములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. కావున ఇచ్చట నెవరును ఈ వ్యాసమును చదివి తమ బండి కమానును విప్పవలదు. ఇందలి తూకపు పాఠము మాత్రము ఇచ్చటి మన ట్రాక్టరు ట్రైలర్లకును చెల్లును. చెరకు గాని ఇటుకలు గాని మితిమీరి నింపిన ట్రైలరు గట్టెక్కునప్పుడు ట్రాక్టరు ముందు చక్రములు నేల విడిచి తేలుటను మనలో ననేకులు చూచియే యున్నారు. అప్పుడు స్టీరింగు చక్రము డ్రైవరు చేతిలో నుండును గాని, త్రోవ అతని చేతిలో నుండదు.

7. ముగింపు

మా రెండవ జవాబు చేరుసరికి పట్టీ యింకను కొనలేదని అతడు వ్రాసినప్పుడు మాకు మనసు కుదుటపడెను. అతడు మొదట ట్రాక్టరును వెనుకకు జరిపి, బండిని ట్రైలరుతోను, ట్రైలరు లేకయు తూకపు వేదికపై నిలిపి, చీటీలను పంపెను. మా లెక్కకును ముందు ఇరుసు చీటీకిని భేదము పది కిలోలకు లోపుగానే యుండెను. పిమ్మట రబ్బరు దిమ్మెలు రెండు తానే అమర్చుకొనెను. ఎదుటివారు ఇప్పుడు దీపము లార్పి హెచ్చరించుట లేదట. వానలో మెల్లగానే నడుపుచున్నాడట.

ఉత్తరము చివర నతడు వ్రాసిన సంగతి యొకటి మాకు మిక్కిలి నచ్చినది. ట్రైలరు పలకపై ట్రాక్టరు ముందు చక్రము ఎచ్చట నిలువవలెనో అచ్చట ఎర్రరంగుతో అడ్డగీత గీసెను. తాను తొందరలో మరచినను బిడ్డలు, "నాన్నా, గీత దాటలేదు గదా?" అని యడుగుదురట. ఆ గీతకు పట్టిన ఖర్చు ఒక చిన్న డబ్బా రంగు మాత్రమే.

విద్యార్థులారా, పెద్దలు చెప్పిన జవాబు సరియైనదో కాదో తెలియనప్పుడు మర్యాదతో లేచి ప్రశ్న యడుగుడు. ఆ దినమున ఆ బాలిక ఊరకుండినయెడల మా తప్పు మాకు తెలిసియుండెడిది కాదు. వెనుక లేచిన బండిని చూచి మేమందరమును సంతోషించి యుందుము. ముందు చక్రముల సంగతి ఎవరికిని తోచి యుండదు. ఆమె ప్రశ్నను మేము ఆ ఉత్తరములో ఆమె మాటలలోనే వ్రాసి పంపితిమి.